రాతినార దుమ్ము – రోగి హక్కు – పంచాయతీ కర్తవ్యము

(కోనసీమ గ్రామపంచాయతీ సభ్యుల సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



కోనసీమవారికి గాలివాన క్రొత్త కాదు. 1996 నవంబరు 6వ తేదీన వచ్చిన తుపానును మీలో పెద్దలు మరువలేదు. తుపాను చేసిన నష్టము తెల్లవారగనే కంటికి గనపడును. అధికారులు వచ్చి వ్రాసికొందురు, సహాయము నిర్ణయింతురు. కాని ముప్పది యేండ్ల క్రిందట పీల్చిన దుమ్ము నేడొకని ఊపిరిని హరించుచుండగా, ఆ నష్టమును వ్రాసికొనువా రెవరు? ఈ సంగతినే మీకు మనవి చేయ వచ్చితిమి.

రాతినార యనగా ఆస్బెస్టాస్. అది నారవలె చీలెడి ఖనిజము. సిమెంటు రేకులలోను, ఆవిరి గొట్టముల చుట్టలలోను దానిని వాడిరి. కోసినప్పుడు, పగులగొట్టినప్పుడు లేచెడి సన్నని పోగులు ఊపిరితిత్తులలో చేరి అచటనే నిలిచిపోవును. వాని వలన ఊపిరితిత్తులు గట్టిపడు ఆస్బెస్టాసిస్ అను వ్యాధియు, ఊపిరితిత్తుల కాన్సరును, వాని పొరకు వచ్చు మీసోథీలియోమా యను కాన్సరును కలుగును. ఈ వ్యాధులు సాధారణముగ 10 మొదలు 40 సంవత్సరముల పిమ్మట గాని బయటపడవు. ఇచటనే చిక్కు వచ్చుచున్నది. రోగము కనపడునాటికి పని పోయియుండును, కర్మాగారము మూతపడియుండును, కాగితములు చెదలు తినియుండును.

ఈ వ్యాధి మనకు దూరమైనది కాదు. కడప జిల్లా పులివెందుల ప్రాంతమున రాతినార గనులుండెను. తెలుగునాట సిమెంటు రేకుల కర్మాగారములు గలవు. మన పల్లెలనుండి హైదరాబాదుకు, విశాఖపట్టణమునకు, గల్ఫు దేశములకు పనికి పోయినవా రనేకులు. రేకులు కోసినవారు, ఓడలలో గొట్టములకు చుట్టలు చుట్టినవారు, పాత కట్టడములు పడగొట్టినవారు వారిలో ఉండవచ్చును. ఇంటికి చేరిన పిమ్మట ఆయాసము వచ్చినచో క్షయ యనియో, ఉబ్బస మనియో తలచి మందులు మ్రింగుచు కాలము గడుపుదురు.

బ్రిటన్ దేశము రాతినారను 1999లో నిషేధించినది. మన దేశములో గనుల త్రవ్వకము ఆగినను, దిగుమతియైన తెల్ల రాతినారతో రేకుల తయారీ నేటికిని చట్టసమ్మతముగనే సాగుచున్నది. అయినను కార్మికునకు రక్షణ లేకపోలేదు. 1995 జనవరి 27న సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన తీర్పు చెప్పినది. కార్మికుని ఆరోగ్యము అతని జీవించు హక్కులో భాగమని ప్రకటించినది. రాతినార పరిశ్రమలు ప్రతి కార్మికుని ఆరోగ్య రికార్డును, పనిలో చేరినది మొదలు 40 ఏండ్లు గాని, పని మానిన పిమ్మట 15 ఏండ్లు గాని, ఏది తరువాత వచ్చిన అంతవరకు భద్రపరుపవలెనని ఆదేశించినది. ఆ వ్యాజ్యములో వ్యాధిగ్రస్తులని ధ్రువపడిన కార్మికులకు లక్ష రూపాయల చొప్పున పరిహార మిప్పించినది. 2011లో నిషేధము విధింప నిరాకరించినను, 1995 నాటి ఆదేశములను పాటింపవలెనని మరల నొక్కి చెప్పినది.

ఇక రోగికి గల మార్గములు. మొదటిది, ఈ.ఎస్.ఐ. భీమా గలవారికి వైద్యసహాయము, అశక్తత భత్యము, మరణించినచో కుటుంబమునకు భత్యము లభించును. రెండవది, ఈ.ఎస్.ఐ. లేనివారు యజమానినుండి పరిహారము కోరవచ్చును. 1923 నాటి పరిహార చట్టము ఆస్బెస్టాసిస్‌ను వృత్తివ్యాధిగా గుర్తించినది. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి ఆ చట్టము స్థానమును గ్రహించినది. మేస్త్రీ క్రింద పనిచేసిన కూలివాడు సైతము అసలు యజమానిని అడుగవచ్చును. మూడవది, ఉచిత న్యాయసహాయము. 1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము స్త్రీలకు, షెడ్యూల్డు కులముల, తెగల వారికి, పారిశ్రామిక కార్మికులకు, స్వల్పాదాయము గలవారికి ప్రభుత్వ ఖర్చుపై న్యాయవాదిని నియమింతురు. 15100 అను ఫోను సంఖ్యకు ఎవరైనను విన్నవింపవచ్చును.

ఈ మార్గము సులభమని మేము చెప్పము. అర్జీకి గడువు కలదు. పాత చట్టములో అది రెండు సంవత్సరములు. తగిన కారణము చూపినచో ఆలస్యమును మన్నించు అధికార మచట నుండెను. కనుక వైద్యుడు వ్యాధిపేరు చెప్పిన వెంటనే కార్మికశాఖ కార్యాలయమునకు పోవుట మేలు. దుమ్ముపట్టిన బట్టలుతికి జబ్బుపడిన ఇల్లాలు కార్మికురాలు కాదు గనుక, ఆమెకు మిగిలినది సివిలు దావాయే. అందు ఋజువు చేయుట మిక్కిలి కష్టము. అయినను నిరాశ తగదు. దక్షిణాఫ్రికాలోని రాతినార గనుల కార్మికులు వేలమంది బ్రిటిషు కంపెనీపై లండనులోనే దావా వేసిరి. ఆ దావా అచట విచారింపదగునని 2000లో ప్రభువుల సభ తీర్పు చెప్పినది. 2003లో వారికి పరిహారము ముట్టినది.

ఇట్టి దావాలకు ఆధార మేది? ఎవరెచట ఎన్నాళ్ళు పనిచేసిరో నిరూపించు సాక్ష్యమే. ఆ సాక్ష్యము కూడబెట్టుటయందే మీ పని యున్నది. దీనికి డబ్బు అక్కరలేదు. ఒక నోటుపుస్తకము చాలును. మీ వార్డులో ఎవరు, ఏ ఊర, ఏ పనిలో, ఏ యేడునుండి ఏ యేటివరకు ఉండిరో వారి సమ్మతితో వ్రాసియుంచుడు. పి.ఎఫ్., ఈ.ఎస్.ఐ. సంఖ్యలు, జీతపు చీటీలు, తోడి పనివారల పేర్లు దాచుకొనుమని చెప్పుడు. ఆయాసముతో వైద్యునికడకు పోవువాడు తన పాత పనిని తప్పక చెప్పవలెను. ఎక్స్‌రే ఫిల్మును పారవేయరాదు. మరణము సంభవించినచో వైద్యుడిచ్చు కారణపత్రములో వ్యాధిపేరు స్పష్టముగ నుండునట్లు ఆ కుటుంబమునకు తోడ్పడుడు. "గుండె ఆగినది" అని మాత్రము వ్రాసినచో విధవరాలి హక్కు అచటనే ఆగిపోవచ్చును.

మరియొక మాట. తుపానులో పగిలిన రేకులను పొడిచేసి బాటలకు వేయనీయకుడు; తడిపి, ముక్కలు చేయక, తొలగింపుడు. నేడు వెడలు దుమ్ము మన బిడ్డలకు ముప్పది యేండ్ల పిమ్మట రాగల రోగము.

తుపానుకు ముందే గట్లు కట్టుకొనుట గోదావరిపాయల నడుమ బ్రతుకు మనకు తాతలనాటి అలవాటు. ఈ కాగితములును అట్టి గట్లే. కనుక రాబోవు పంచాయతీ సమావేశముననే ఆ నోటుపుస్తకము తెరువుడని కోరుచు సెలవు తీసికొనుచున్నాము.