గడువుకు ముందా, తర్వాతా?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటర్ ప్రోగ్రాములు రాయడం నా వృత్తి. అందులోంచి ఒక చిన్న సంగతి చెబుతాను. చిన్నదే గానీ, ఒక విద్యార్థి దరఖాస్తు నిలబడేదీ తిరస్కరణ పాలయ్యేదీ దాని మీదే ఆధారపడి ఉండవచ్చు.

లెక్కల క్లాసులో మనందరం ‘పెద్దది’, ‘చిన్నది’ గుర్తులు నేర్చుకున్నాం. చాలా ప్రోగ్రామింగ్ భాషల్లో తేదీలను పోల్చడానికీ అవే గుర్తులు. కారణముంది. చాలా కంప్యూటర్లు కాలాన్ని 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్ల లెక్కగా దాచుకుంటాయి. ముందు తేదీ చిన్న సంఖ్య, తర్వాతి తేదీ పెద్ద సంఖ్య. యంత్రానికి ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా చదివే మనిషికే. అన్నయ్య 1972లో, తమ్ముడు 1975లో పుట్టారనుకోండి. తేదీల్లో అన్నయ్యది ‘చిన్నది’, ఇంట్లో మాత్రం ఆయనే పెద్ద. వయోపరిమితి చూసే ప్రోగ్రాములో ఈ గుర్తు తిరగబడితే అర్హులు బయటికి, అనర్హులు లోపలికి.

మాటల్లో మనం ఒక తేదీ ఇంకో తేదీ కన్నా చిన్నదని అనం. దసరాకు ముందు, సంక్రాంతి తర్వాత అంటాం. భాషలు తయారుచేసేవాళ్లూ ఈ దారికి వచ్చారు. 2014లో వచ్చిన జావా 8లోని కొత్త తేదీల లైబ్రరీలో ‘ఈజ్ బిఫోర్’, ‘ఈజ్ ఆఫ్టర్’ అనే మాటలున్నాయి. రూబీ భాషలో రాసిన రెయిల్స్‌లో 2019లో ‘బిఫోర్’, ‘ఆఫ్టర్’ చేర్చారు. గుర్తులు అంతకుముందూ సరిగానే పనిచేసేవి. చదవడానికి తేలికగా ఉండాలనే ఈ మాటలు.

అయితే మాట మార్చినంత మాత్రాన అన్నీ సర్దుకోవు. చివరి తేదీ జూన్ 30 అనుకోండి. ‘జూన్ 30కి ముందు’ అని రాస్తే 30న వచ్చిన పిల్లవాడు బయటే. అందుకే జావాలో ‘గడువు తర్వాత కాకపోతే’ అని తిప్పి రాస్తుంటారు. గంట చెప్పకుండా తేదీ ఒక్కటే ఇస్తే చాలాసార్లు అది ఆ రోజు మొదలయ్యే అర్ధరాత్రి అయిపోతుంది. అప్పుడు 30న ఉదయం 10 గంటల దరఖాస్తు ఆలస్యం కింద లెక్క. సర్వర్ గడియారం అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో ఉంటే మనకన్నా 5 గంటల 30 నిమిషాలు వెనక. మనకు జూలై 1 తెల్లవారుజామైనా దానికింకా జూన్ 30.

కాబట్టి నాతో పనిచేసే కుర్రాళ్లకు ఒకటే చెబుతాను. ఆ పోలికకు ‘గడువులోపు వచ్చిందా’ అని పేరు పెట్టండి. దాని లెక్క ఒక్కచోటే రాయండి. నియమం తెలిసిన హెడ్‌మాస్టరుకు ప్రోగ్రాం రాకపోవచ్చు. ప్రోగ్రాం వచ్చినవాడికి నియమం పూర్తిగా తెలియకపోవచ్చు. ఇద్దరూ చదవగలిగే వాక్యం ఒకటుంటేనే తప్పు బయటపడుతుంది. లేకపోతే అది దరఖాస్తు పెట్టిన పిల్లవాడి నెత్తిన పడుతుంది.

గురువులకు, ఆఫీసుల్లో ఉన్న మిత్రులకు ఒక విన్నపం. నోటీసులో ‘జూన్ 30 లోపు’ అని వదిలేయకండి. ‘జూన్ 30 రాత్రి 12 గంటల వరకు, ఆ రోజు కూడా కలిపి’ అని రాయండి. మా పని సగం అక్కడే అయిపోతుంది.