గూడుబండి కాపురం - లాగే బండి ఎంపిక
(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉగాది సభలో కవిత్వం గురించో, సంగీతం గురించో మాట్లాడడం ఆచారం. నేను మోటారు వర్క్‌షాపులో బ్రతుకు గడిపినవాణ్ణి. కనుక నాకు తెలిసిన విషయమే మీ ముందు పెడతాను. అది అమెరికాలోని ట్రావెల్ ట్రెయిలర్, అనగా మోటారుకు తగిలించి లాగే గూడుబండి.

మన సభ్యుల కుటుంబాలలో చాలామందికి అమెరికాలో పిల్లలో, అన్నదమ్ములో ఉన్నారు. ముప్పై నలభై ఏళ్ళ క్రితం వెళ్ళినవారు అక్కడ ఉద్యోగాల నుండి విరమిస్తున్నారు. వారిలో కొందరికి పెద్ద ఇల్లు అమ్మేసి, చక్రాల ఇంట్లో దేశమంతా తిరుగుతూ కాపురం ఉండాలని బుద్ధి పుడుతున్నది. ఇక్కడున్న మనకు అది వింతగాను, కొంత భయంగాను తోస్తుంది. అవుననడానికైనా, వద్దనడానికైనా ముందు దానిలోని లెక్క తెలియాలి గదా. నేను చెప్పదలచింది ఒక్కటే. ఈ కాపురంలో మొదట చూడవలసింది అందమూ కాదు, ధరా కాదు, బరువు.

ఇది నిన్న మొన్న పుట్టిన మోజు కాదు. ఎయిర్‌స్ట్రీమ్ అనే వెండిరంగు ట్రెయిలర్ల కంపెనీని వాలీ బయమ్ 1931లో స్థాపించాడు. 1959లో ఆయన అటువంటి ట్రెయిలర్ల బిడారును ఆఫ్రికాలో కేప్‌టౌన్ నుండి కైరో దాకా నడిపించాడు. 1978లో జో పీటర్సన్, కే పీటర్సన్ దంపతులు ఇటువంటి సంచారుల కోసం ఎస్కేపీస్ అనే సంఘం పెట్టారు. అది టెక్సాస్‌లోని లివింగ్‌స్టన్‌లో నేటికీ ఉన్నది. కాబట్టి దారి వేసినవారున్నారు. ఆ దారిని క్షేమంగా నడిచే పద్ధతి మనం తెలుసుకోవాలి.

ఎద్దుబండి తోలినవారికి ఈ శాస్త్రం సగం తెలిసినట్లే. బండిలో బరువంతా వెనుకకు చేరితే నొగ పైకి లేస్తుంది, మెడతాళ్ళు ఎద్దుల గొంతుకు బిగుస్తాయి. బరువంతా ముందుకు చేరితే కాడి మెడలను అణచివేస్తుంది. ట్రెయిలర్‌కూ ఇదే న్యాయం. దాని ముందుకొన లాగే బండి మీద మోపే బరువును వారు ‘టంగ్ వెయిట్’ అంటారు; మనం నొగ బరువు అందాం. నిండిన ట్రెయిలర్ మొత్తం బరువులో నూటికి 10 నుండి 15 వంతులు నొగ మీద ఉండాలి. తగ్గితే వేగంలో ట్రెయిలర్ తోక ఊపుతుంది. ఆ ఊపు పెరిగితే ముందు బండిని కూడ పడగొడుతుంది. ఊపు మొదలైనప్పుడు కాలి బ్రేకు గట్టిగా తొక్కరాదు. యాక్సిలరేటరు మీద కాలు తీసి, ట్రెయిలర్ బ్రేకులను మాత్రం చేతి మీటతో మెల్లగా నొక్కాలి.

ఇక లాగే బండి. ప్రకటనలలో ‘పది వేల పౌన్లు లాగును’ అని పెద్ద అక్షరాలతో వేస్తారు. దానిని చూసి కొనరాదు. డ్రైవరు తలుపు చట్రం మీద పసుపు, తెలుపు రంగుల చిన్న కాగితం అంటించి ఉంటుంది. మనుషులు, సామాను కలిసి ఇన్ని పౌన్లు మించరాదని అందులో వ్రాసి ఉంటుంది. అదే ఆ బండి మోయగల బరువు. లాగడం వేరు, మోయడం వేరు. నొగ బరువు ఈ మోత లెక్కలోకే వస్తుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. సామానుతో నిండితే 7,000 పౌన్లు, అనగా సుమారు 3,175 కిలోలు తూగే ట్రెయిలర్ అనుకొందాం. నూటికి 13 వంతున నొగ బరువు 910 పౌన్లు. తగిలించే ఇనుప సామగ్రి 90. భార్యాభర్తలిద్దరూ 320. వెనుక తొట్టిలో జనరేటరు, పనిముట్లు, కుర్చీలు 220. మొత్తం 1,540 పౌన్లు. తలుపు కాగితం మీద 1,500 అని ఉంటే, పది వేలు లాగునన్న ఆ బండి ఏడు వేల ట్రెయిలర్‌కే చాలకపోయినది! ప్రకటన అబద్ధం కాదు. మనం చదవవలసిన అంకె అది కాదు.

కాబట్టి క్రమం ఇది. మొదట ఎంత ఇల్లు కావాలో నిర్ణయించాలి. పిమ్మట ఆ ట్రెయిలర్ పలక మీది గరిష్ఠ బరువు చూడాలి. ఖాళీ బరువు చూడరాదు; అందులో నీరు, సామాను లెక్కకు రావు. దాని నుండి నొగ బరువు కట్టి, మనుషులను, సామానును కలిపి, కొంత మిగులు ఉండేటట్లు లాగే బండిని ఎంచాలి. ముందే బండి ఉన్నవారు ఈ లెక్కను వెనుక నుండి వేసుకొని, దానికి తగిన ఇంటితో తృప్తిపడాలి.

చిన్న ట్రెయిలర్‌కు వారు ‘హాఫ్ టన్’ అనే పికప్ చాలవచ్చు. పెద్దదానికి ‘త్రీక్వార్టర్ టన్’, ‘వన్ టన్’ తరగతులు కావాలి. తొట్టి మధ్యలో తగిలించే ‘ఫిఫ్త్ వీల్’ రకంలో సుమారు ఐదో వంతు బరువు బండి మీదనే పడుతుంది. 12,000 పౌన్ల ఇల్లయితే 2,400 పౌన్లన్నమాట. డీజిల్ ఇంజనుకు లాగే బలం ఎక్కువే గాని, ఇంజనే బరువైనది గనుక అదే తరగతిలో పెట్రోలు బండి కన్న మోత తరచు తగ్గుతుంది. కరెంటు బండి ట్రెయిలర్ లాగితే ఒక చార్జితో పోయే దూరం సుమారు సగానికి పడిపోతుంది.

ఎక్కడం కన్న దిగడం కష్టం. కొలరాడోలో ఐసెన్‌హోవర్ సొరంగం 11,000 అడుగులకు పైన ఉన్నది. అటువంటి కనుమలు దిగేటప్పుడు తక్కువ గేరులో, ఇంజను పట్టుతో దిగాలి. బ్రేకు అదేపనిగా తొక్కితే వేడెక్కి పట్టు వదలుతుంది. ట్రెయిలర్‌కు సొంత బ్రేకులు, వాటిని నడిపే కంట్రోలరు, తెగిపోతే తానే బ్రేకు వేసే మీట ఉండి తీరాలి. కాలిఫోర్నియాలో ట్రెయిలర్ లాగేవారు గంటకు 55 మైళ్ళు మించరాదని చట్టమే ఉన్నది. అన్నీ సర్దుకొన్న పిమ్మట లారీలు ఆగే చోట్ల ఉన్న కాటా మీద ఒకసారి తూచుకోవాలి. ముందు ఇరుసు, వెనుక ఇరుసు, ట్రెయిలర్ ఇరుసులు వేరువేరుగా చీటీలో వస్తాయి.

ఇల్లాళ్ళకు ఒక మాట. నీరు గాలను ఒక్కింటికి 8.3 పౌన్లు. నలభై గాలన్ల తొట్టి నింపితే 330 పౌన్లకు పైనే. బియ్యం సంచులు, పచ్చడి జాడీలు, గ్రైండరు రాళ్ళు, ఇత్తడి పూజసామాను ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. బరువైనవి ఇరుసుల దగ్గర, నేలకు దిగువగా పెట్టాలి. ముప్పై ఆంపియర్ల కరెంటు అంటే మొత్తం 3,600 వాట్లు. ఏసీ నడుస్తుండగా మైక్రోవేవూ, గ్రైండరూ కలిపి వేస్తే స్విచ్చి పడిపోతుంది. చలికి గ్యాసుపొయ్యి వెలిగించి పడుకోరాదు. ఆ విషవాయువుకు వాసన ఉండదు.

ఇల్లు కదిలినా చిరునామా కదలకూడదు. ఓటుకు, లైసెన్సుకు, పన్నుకు ఏదో ఒక రాష్ట్రం కావాలి. సంచారులలో చాలామంది టెక్సాస్, ఫ్లోరిడా, దక్షిణ డకోటాలను ఎన్నుకొంటారు. అక్కడ రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. అరవై ఐదేళ్ళు నిండి మెడికేర్ ఉన్నవారు, తమ వైద్య పథకం సొంత జిల్లా దాటితే చెల్లుతుందో లేదో ముందే విచారించాలి. కొన్ని పథకాలు స్థానిక వైద్యులకే పరిమితం. ఏడాది పొడుగునా కాపురముంటే చాలా ట్రెయిలర్ల గ్యారంటీ చెల్లదు. బీమా కూడ వేరే తీసుకోవాలి.

చివరగా రెండు హితవులు. ఇల్లు అమ్మకముందు అటువంటి ట్రెయిలర్‌ను అద్దెకు తీసుకొని, వానలోనూ చలిలోనూ కొన్ని వారాలు ఉండి చూడాలి. ట్రెయిలర్ విలువ కొన్ననాటి నుండే తరుగుతుంది. అమ్మిన ఇల్లు అదే ధరకు తిరిగి రాదు. రెండవది ముఖ్యం. తోలడం, వెనుకకు నడపడం, తగిలించడం, విప్పడం దంపతులిద్దరికీ రావాలి. అరవై ఏళ్ళు దాటినవారి కాపురం ఇది. ఎడారి మధ్య ఒకరికి గుండెనొప్పి వస్తే, రెండవవారు విప్పి బండి తోలుకొని ఆసుపత్రికి పోగలగాలి. అది రానంతవరకు ఆ ఇల్లు అమ్మవద్దని మీ పిల్లలకు వ్రాయండి.

వచ్చినట్లయితే వారిని ఆపవద్దు. ఒకప్పుడు ఊరు విడిచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబాలవారం మనం. కదలడం మనకు కొత్త కాదు. వెళ్ళే దారిలో వారు క్షేమంగా ఉండాలనే మన కోరిక. ఈ వత్సరం అందరికీ శుభప్రదమగుగాక. సెలవు.