ఫొటో వెనకవైపు

ఈరోజు ఫొటోగ్రఫీ పట్టా అందుకుంటున్న మీ అందరికీ అభినందనలు.

2011 నవంబరులో న్యూయార్క్‌లోని క్రిస్టీస్ వేలంలో ఒక ఫొటో సుమారు 43 లక్షల డాలర్లు పలికింది. జర్మనీకి చెందిన ఆండ్రియాస్ గుర్స్కీ 1999లో చేసిన 'రైన్ 2' అది. అందులో పచ్చిక, సన్నని బాట, నది, మబ్బు పట్టిన ఆకాశం తప్ప ఇంకేమీ లేవు. అవతలి గట్టున ఉన్న విద్యుత్ కేంద్రాన్ని ఆయన కంప్యూటర్‌లో చెరిపేశాడు. అది ఆయన చూపు. మీరు మాత్రం మన విశాఖ రిఫైనరీ పొగగొట్టాలనీ షిప్‌యార్డు క్రేన్లనీ ఫ్రేములోంచి తీసేయకండి. 1948లో నెహ్రూ 'జల ఉష' ఓడను నీళ్లలోకి దించిన తీరం ఇది. షిఫ్టు దిగి గేటు దాటుతున్న వెల్డర్ చొక్కా మీద నిప్పురవ్వలు చేసిన చిన్న చిన్న చిల్లులుంటాయి. వాటిని ఎండలో దగ్గరగా తీసినవాళ్లు ఎంతమంది?

ఆ 'రైన్ 2' ప్రింట్లు ఆరే ఉన్నాయి. ఫొటోను ఎన్నిసార్లయినా ప్రింటు చేయొచ్చు కాబట్టి, కొనేవాడు ఫొటోగ్రాఫర్ మాటను నమ్మే డబ్బు పెడతాడు. ఆరు అంటే ఆరే. ఏడోది బయటికొస్తే ముందు కొన్నవాళ్లందరినీ మోసం చేసినట్టే.

ఫొటో ఎవరిదో రాసి ఉంచడానికి మన దగ్గరి ఉదాహరణ రాజా లాలా దీన్‌దయాళ్. సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపి, ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యారు. 1905లో కన్నుమూశారు. ఆయన ఆల్బమ్‌లు లండన్ వేలాలకు వెళ్లాయి. చాలా ప్రింట్ల అంచున, నెగెటివ్ మీదే రాసిన పేరు, నంబరు కనిపిస్తాయి. ఇది ఎవరిదన్న ప్రశ్నకు ఆ కాగితమే జవాబు చెబుతుంది. ఆ స్టూడియో గాజు నెగెటివ్‌లు 2,857 ఇప్పుడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. స్టూడియో వాటిని దాచబట్టే మనకు దక్కాయి.

ఇక మన కాపీరైటు చట్టం మాట. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్లే కాపీరైటు హక్కుదారులు. కంపెనీ ఆర్డరైనా, పెళ్లి ఆర్డరైనా అంతే. అందుకే అడ్వాన్సు తీసుకునే ముందే హక్కు ఎవరిదో రెండు వాక్యాలు రాసి సంతకాలు పెట్టించుకోండి. మొహమాటపడకండి. ఇంకోటి. పెయింటింగ్, శిల్పం, డ్రాయింగ్‌ల అసలు ప్రతి పదివేల రూపాయలకు పైబడి మళ్లీ అమ్ముడైతే, మొదటి హక్కుదారైన కళాకారుడికి ఆ ధరలో వాటా అడిగే హక్కును ఆ చట్టంలోని 53ఏ సెక్షన్ ఇచ్చింది. ఆ జాబితాలో ఫొటో లేదు. ఇది అన్యాయమని నా గట్టి నమ్మకం. దీన్ని సవరించాలని అడగాల్సింది మీ తరమే.

అందాకా మీ చేతిలో ఉన్న పని చేయండి. ఈ ఉప్పుగాలికి, తేమకు లెన్సుకే బూజు పడుతుంది, కాగితం ఎంత? ప్రింట్లను యాసిడ్ లేని కాగితంలో పెట్టండి. ఒరిజినల్ ఫైళ్లను రెండు వేరు వేరు చోట్ల దాచండి. ప్రతి ప్రింటు వెనక మెత్తటి పెన్సిల్‌తో పేరు, తేదీ, చోటు, ఎన్నో ప్రింటో రాయండి. ఫొటోలో మనిషి ఉంటే, అడిగి, ఒప్పుకుంటే, ఆ మనిషి పేరూ రాయండి. ఈ రాత్రికే మొదలుపెట్టండి.