వేగపు బండి, క్రొత్త చేయి



ముప్పదియైదేండ్లు పిల్లలకు సంధులును సమాసములును చెప్పిన తెలుగు పండితునకు మోటారుకార్లతో నేమి పని యని మీరు తలంపవచ్చును. మొన్న మొన్నటి వఱకు నేనును అట్లే తలంచితిని. మా మనుమడు, కూతురి కొడుకు, పందొమ్మిదేండ్లవాడు, అధికారుల యెదుట బండిని ముందునకును వెనుకకును నడిపి చూపి లైసెన్సు సంపాదించుకొని వచ్చిన దినమున ఆ తలంపు మారెను. వాడు నా పాదములకు మ్రొక్కి లేచుచునే చేతిలోని ఫోనులో నొక బొమ్మను చూపెను. ఎఱ్ఱని చిన్న కారు.

"తాతయ్యా, ఇది పోలో జీటీ. సెకండ్ హ్యాండే. నాన్న ఒప్పుకోవడం లేదు. మీరు చెబితే వింటారు" అనెను.

మీరు చెప్పిన విందురనగా మీరు సొమ్మిచ్చిన విందురని యర్థము. పదవీ విరమణమున నాకు వచ్చిన సొమ్ములో కొంత వాని పేర బ్యాంకులో నున్నట్లు వాడెఱుగును.

వాడు కోరిన బండి సామాన్యమైనది కాదు. 2013లో ఫోక్స్‌వ్యాగన్ వారు దానిని మన దేశమున విడుదల చేసిరి. ఇంజను చూడ చిన్నది, 1.2 లీటర్లు. కాని వెడలిపోవు పొగయొక్క వేగముతోనే యొక చిన్న చక్రమును త్రిప్పి, గాలిని బలవంతముగ ఇంజనులోనికి నెట్టు టర్బో యను సాధనము దానికి గలదు. అందుచే 105 అశ్వశక్తులు పుట్టును. నిలిచియున్న బండి గంటకు 100 కిలోమీటర్ల వేగమందుకొనుటకు 9.7 సెకనులు చాలునని తయారుచేసినవారి మాట. 2020లో దానికి మాఱుగ ఒక లీటరు ఇంజను వచ్చెను. 2022లో మన దేశమున పోలో తయారీయే నిలిచిపోయెను. కావున నేడు దానిని కోరువాడు పరుల చేతిలో నలిగినదానినే కోరవలెను. నేను నేర్చుకొన్న తొలినాటి మారుతీ 800కు నలువది అశ్వశక్తులైనను లేవు. దానితోనే నేను రెండుమాఱులు కాలువగట్టు దిగబోయి బ్రదికితిని. ఈ సంగతి మా యింటిలో నేటివఱకు ఎవ్వరికిని చెప్పలేదు.

నేను కాదనలేదు. "నేనును వచ్చి చూచెదను, నాకు నచ్చిననే సొమ్ము" అంటిని. వాడు నవ్వెను. కారును చూచి తాతయ్య కేమి తెలియునని వాని నవ్వు.

తాతయ్యకు గుఱ్ఱములు తెలియును, అనగా గ్రంథములలోని గుఱ్ఱములు. భారతమున నలుడు బాహుకుడను పేర ఋతుపర్ణునియొద్ద నుండగా, ఒక్క దినములో విదర్భ చేరవలసి వచ్చెను. బాహుకుడు సాలలోనికి పోయి బక్కచిక్కిన గుఱ్ఱములను ఏఱి తెచ్చెను. వీనితో నెట్లు పోదుమని రాజు కోపించెను. బాహుకుడు వాని సుళ్లను ఎంచి చూపెను. పిమ్మట రథమెంత వేగముగ పోయెననగా, రాజు ఉత్తరీయము జాఱిపడి, ఆపుమని చెప్పునప్పటికి ఆమడ దాటిపోయెను. మెఱుగు చూచి మోసపోవువాడు రాజు, లోపలి గుఱుతు చూచువాడు సారథి. ఇంకొక మాట. ఆ గుఱ్ఱములు నలుని చేతిలో నుండుటచే విదర్భ చేరినవి. వానినే ఉత్తరకుమారుని కిచ్చియుండిన నేమయ్యెడిదో నేను చెప్పనక్కఱలేదు.

సారథి నేను కాను గనుక, సారథిగ నా పాతశిష్యుని నొకనిని వెంటగొంటిని. బడిలో విభక్తులేనాడును సరిగ నొప్పజెప్పినవాడు కాడు. నేడు చల్లపల్లిలో ఇంజను చప్పుడు విని రోగము చెప్పగల మెకానిక్కు. మార్గశిరమాసమున నొక ఆదివారము ముగ్గురమును విజయవాడ పోతిమి. అమ్ముచున్నవాని పేరుతో మనకు పనిలేదు. కారు మాత్రము అద్దమువలె మెఱయుచుండెను. అడిగిన ధర అంతట నడుచుచున్న దానికంటె లక్షరూపాయలు తక్కువ. మా మనుమని కన్నులలో నప్పుడే ఆ బండి చల్లపల్లి చేరిపోయినది.

శిష్యుడు ముందుగ మూతమీద అరచేయి మోపి, "వేడిగా ఉంది మాస్టారూ. మనం రాకముందే స్టార్ట్ చేసి ఉంచారు" అనెను. చల్లని ఇంజను తొలిసారి లేచునప్పుడే దాని దగ్గును పొగయు బయటపడునట. మీటరులో 38,000 కిలోమీటర్లు; కాలితో నొక్కు బ్రేకు రబ్బరు మాత్రము నున్నగ అఱిగిపోయినది. ప్రతి టైరు ప్రక్కను నాలుగంకెలుండును. 3519 అని యున్నచో 2019వ సంవత్సరమున 35వ వారమున పుట్టినదని యర్థము. ఇంతటి సులభమైన జాతకము నాకు మనుష్యులలో నెన్నడును దొరకలేదు. ఈ బండికి మూడు టైర్లొక యేటివి, నాలుగవది వేఱొక యేటిది. తాళము త్రిప్పగనే గాలిసంచి గుఱుతుగల దీపము వెలిగి, కొన్ని క్షణములకు ఆఱవలెను. వెలుగకున్నను తప్పే, ఆఱకున్నను తప్పే. ఒకమాఱు గ్రుద్దుకొని సంచులు విచ్చుకొన్న బండికి క్రొత్త సంచులు పెట్టక, మూత మాత్రము అతికించి అమ్మువారు గలరు. ఆ సంచుల విలువ యెంతయో యొక పరీక్ష చెప్పును. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ అను సంస్థవారు పోలో కారునే గోడకు గ్రుద్ది చూచిరి. సంచులు లేనిదానికి వచ్చిన నక్షత్రములు సున్న. రెండు సంచులున్నదానికి నాలుగు.

ఇదంతయు శిష్యుడు చూచినది. నేను చూచినది వేఱు.

1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచినప్పుడు నాకు పదునేడేండ్లు. నాగాయలంక దిక్కున మా గురువుగారి బంధువుల యింట పుస్తకముల పెట్టె యొకటి నీట మునిగెను. దానిని మే మెండబెట్టితిమి, తుడిచితిమి, అట్టలు మార్చితిమి. పైకి బాగుగనే యుండెను. కాని పుటల మడతలలో మన్ను సన్నని గీతగ నిలిచిపోయెను. ప్రతి వానకాలమును ఆ పుస్తకములు చెమర్చెడివి. నీరు తాను వచ్చిన గుఱుతును పైపైన నుంచదు, మడతలలో నుంచును.

ఆ తలంపుతో నేను ముందుసీటులో గూర్చుండి నడుమునకు కట్టు పట్టీని చివరివఱకు లాగితిని. ఎన్నడును బయటికి రాని ఆ చివరి మూరలో లేత గోధుమవన్నె చాఱ యొకటి అడ్డముగ నుండెను. దానికి పైభాగము నలుపు, క్రిందిభాగము మాసిన నలుపు. శిష్యునకు చూపితిని. వాడు మాటాడక వెనుకకు పోయి, అదనపు చక్రము క్రింది గుంటలో వ్రేలు పెట్టి తీసెను. వ్రేలికి ఒండ్రుమట్టి అంటియుండెను.

2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడలో సింగునగరు మొదలగు పేటలను దినములతరబడి ముంచినది మీరెఱుగుదురు. వీథులలో నిలిపిన బండ్లెన్నియో ఆ నీటిలో నుండెను. మునిగిన బండి చావదు; అదియే చిక్కు. తుడిచిన నడచును. కాని తీగల కొసలు లోలోపల చిలుమెక్కి, ఆఱు నెలలకో యేడాదికో, బ్రేకును కాచు పెట్టెయో, గాలిసంచిని విప్పు పెట్టెయో పలుకుట మానును. అదియును మంచి వేగములో నున్నప్పుడే మానవచ్చును. అమ్మువానిని అడిగితిమి. "వానలో అద్దం దించి మర్చిపోయామండీ" అనెను.

కాగితముల సంగతి త్వరగ చెప్పి ముగింతును. తెలంగాణమునుండి వచ్చిన బండికి అచ్చటి అధికారుల నిరభ్యంతర పత్రము, 28వ ఫారము, ఉండవలెను. యజమాని మార్పునకు 29, 30 ఫారములు. అప్పుమీద కొన్నదైనచో అది తీఱినదనుటకు 35. బీమాను 14 దినములలో మన పేర మార్పించుకొనవలెను. పుస్తకములో పేరున్నవాడే యజమాని యని 2018లో సుప్రీముకోర్టువారు నిర్ణయించిరి గనుక, అమ్మువానికిని ఇది మేలే. ఇంజనును నడుపు లెక్కలను మార్చి బలము పెంచిన బండియైనచో, ప్రమాదమునాడు బీమావారు మొగము త్రిప్పుకొనవచ్చును.

తిరుగుదలలో పామఱ్ఱునుండి శిష్యుని పాత స్విఫ్టును మా మనుమడే నడిపెను. వాని మొగము ముడుచుకొని యుండెను. చీకటిపడినది, మంచు దిగుచుండెను. కూచిపూడి దాటితిమి. కోతలకాలమున మా ప్రాంతపు రోడ్లలో సగము కళ్లములని క్రొత్తవారు ఎఱుగరు. ఎదుటి లారీ వెలుగు కన్నులలో పడి తొలగగనే, రోడ్డుమీద నల్లని పట్టా కప్పిన ధాన్యపురాశి, దానిచుట్టు వరుసగ రాళ్లు. వాడు బ్రేకు నొక్కెను. చక్రములు బిగిసి, బండి కీచుమని జాఱి, రాళ్లకు మూరెడు దూరమున నిలిచెను. రాశి ప్రక్కన దుప్పటి కప్పుకొని పండుకొన్న కాపరి ముసలివాడు లేచి కూర్చుండి, మమ్ము చూచి, "నిమ్మళంగా పోండి బాబూ" అని మరల పండుకొనెను.

చాలసేపు ఎవ్వరును మాటాడలేదు. తుదకు వాడే, "యాభై అయిదులో ఉన్నాను తాతయ్యా" అనెను. యాభైయైదనగా సెకనుకు పదునైదు మీటర్లు. తొంబదియైన నిరువదియైదు; బండిని నిలుపుటకు చంపవలసిన బలమో, రెండున్నర రెట్లకు మించును. వాడు లెక్కలలో దిట్ట. ఆ లెక్కను నేను చెప్పలేదు. వాడు వేసికొనుచుండుట నాకు వినబడినట్లే యుండెను. కొంత దవ్వు పోయినపిదప, "అన్నా, దీనికి ఏబీఎస్ లేదా?" అని శిష్యుని నడిగెను. "లేదురా" అని వాడు చెప్పెను. నెలదినములుగ ఆ పిల్లవాడు బండి ఎట్లు పోవునని గాక, ఎట్లు ఆగునని యడుగుట నేను వినుట అదియే మొదలు.

మఱునాడు మే మొక యొప్పందమునకు వచ్చితిమి. మొదటి యేడు టర్బో లేని సామాన్యపు బండి. ఏబీఎస్సును రెండు గాలిసంచులును తప్పనిసరి. మిగిలిన సొమ్ములో నాలుగు క్రొత్త టైర్లు. వారమునకు రెండు రాత్రులు మెకానిక్కు ప్రక్కన కూర్చుండగా కాలువగట్లమీద నడపవలెను. ఏడు నిండిన పిదప జీటీని చూచుటకు నేనే వెంట వత్తును; మంచిది దొరికిన కొందును. ఈ తుదిమాటకు మా యల్లుడు నన్ను కోపముగ చూచెను గాని, వేగమును కోరు వయసును ఎల్లకాలము తాళమువేసి యుంచలేము గదా. మా యూరిలోనే యొక ఉపాధ్యాయుడు మొదటినుండి తానే వాడుకొన్న బండి దొరికెను. పట్టీ చివరివఱకు లాగి చూచితిని. నల్లగ, శుభ్రముగ నుండెను.

నేటి యుదయమున నన్ను ఈ కేంద్రమునకు తెచ్చినవాడు వాడే. ఉయ్యూరు దాటినపిదప ఎఱ్ఱని పోలో యొకటి రివ్వున మమ్ము దాటిపోయెను. వాడు కన్నార్పక దానినే చూచెను. కాలు మాత్రము ఉన్నచోటనే యుంచెను.

"దాని వెనక టైర్లు అరిగిపోయాయి తాతయ్యా" అనెను.