విడిపోతున్న అమ్మానాన్నలకు పాఠాలు: ఎదురుగా కూర్చొనా, ఫోనులోనా?

(పిల్లల వార్డులో పేషెంట్ల కుటుంబాలకు చేసిన ప్రసంగ పాఠం)



ఆసుపత్రిలో విడాకుల మాట ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. ఆ మాట పైకి అనడానికే మనకు నోరు రాదు. "అమ్మాయి కొన్నాళ్లుగా మా దగ్గరే ఉంటోంది" అంటాం, "అబ్బాయికి, కోడలికి కొంచెం పడడం లేదు" అంటాం. పిల్లవాడు మాత్రం కడుపునొప్పి అంటూ మా దగ్గరికి వస్తాడు. స్కానింగ్ చేస్తాం, రక్తం తీస్తాం, ఏమీ కనబడదు. ఆరేళ్లు దాటిన పిల్ల మళ్లీ పక్క తడుపుతుంది. బడికి బయలుదేరే వేళకు తలనొప్పి వస్తుంది, ఆదివారం రాదు.

ఒక హెచ్చరిక ముందే చెబుతాను. ఇంట్లో గొడవలున్నాయి కదా, ఇదంతా మనోవ్యాధి అని మీకు మీరే తేల్చేసుకోవద్దు. ఆరు నెలలకు పైగా పొడిగా ఉన్న పిల్ల మళ్లీ పక్క తడపడం మొదలుపెడితే ముందు మూత్రపరీక్ష, షుగరు పరీక్ష చేయించాలి. ఇన్ఫెక్షన్ కావచ్చు, షుగరు కావచ్చు. అవేమీ లేవని డాక్టరుగారు చెప్పిన తర్వాతే ఇంటి సంగతి మాట్లాడుకుందాం.

ఇక ఇంటి సంగతి. భార్యాభర్తలు విడిపోవడం ఒక్కటే పిల్లలను అంతగా దెబ్బ తీయదు. వాళ్ల మధ్య ఆగకుండా సాగే పోట్లాట, అందులోకి పిల్లలను లాగడం, ఇవే ఎక్కువ దెబ్బ తీస్తాయి. చాలా దేశాలలో ఇది గుర్తించి, విడాకులు కోరే తల్లిదండ్రులకు ఒక చిన్న తరగతి పెట్టారు. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రాన్నే చూడండి. మైనరు పిల్లలున్న దంపతులు విడాకులకు వెళితే ఇద్దరూ కనీసం 4 గంటల పాఠం పూర్తి చేయాలని అక్కడి చట్టం. హాలులో కూర్చొని వినవచ్చు, కంప్యూటరు ముందు కూర్చొని ఆన్‌లైన్‌లోనూ పూర్తి చేయవచ్చు. డెన్మార్క్ దేశం 2019లో ఇంకో పద్ధతి పెట్టింది. మైనరు పిల్లలున్న దంపతులకు మూడు నెలల ఆలోచనా గడువు, దానితోపాటు సుమారు అరగంట ఆన్‌లైన్ పాఠం.

మన దేశంలో ఇలాంటి తరగతి తప్పనిసరి అనే చట్టం లేదు. 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం ప్రకారం కోర్టు ముందుగా రాజీకి ప్రయత్నించాలి, కౌన్సిలర్ల సాయం తీసుకోవచ్చు. అయితే ఆ కౌన్సిలింగులో ముఖ్యమైన ప్రశ్న "కలిసి ఉంటారా, ఉండరా" అన్నది. ఉండరు అని తేలాక పిల్లలను ఎలా పెంచాలో నేర్పే చోటు మనకు తక్కువ. అందుకే అమెరికాలో కూతురో కొడుకో ఉండి, వాళ్ల కాపురం కోర్టుకెక్కిన అమ్మమ్మలు, నాయనమ్మలు నన్ను అడుగుతుంటారు. "సిస్టరమ్మా, అక్కడేదో క్లాసట, నాలుగు గంటలట, ఫోనులో చూసేస్తే సర్టిఫికెట్ ఇస్తారట, దానివల్ల ఉపయోగమేనా?" అని. ఇక్కడి వాళ్లు మరోలా అడుగుతారు. "ఫోనులో వీడియోలు చాలా ఉన్నాయిగా, మళ్లీ కౌన్సిలర్ దగ్గరికి వెళ్లాలా?" అని.

నాకు తెలిసిన పనితోనే జవాబు చెబుతాను. విరేచనాలతో వచ్చిన బిడ్డ తల్లికి మేము ఓ.ఆర్.ఎస్. కలపడం నేర్పుతాం. గోడమీద బొమ్మ ఉంటుంది, టీవీలో వీడియో వస్తుంది. ఆమె తల ఊపుతుంది. ఆ తర్వాత ప్యాకెట్టు చేతికిచ్చి "ఇప్పుడు నువ్వు కలుపమ్మా" అంటాం. అప్పుడు బయటపడుతుంది. లీటరు నీళ్లలో కలపవలసిన ప్యాకెట్టును గ్లాసులో పోసేస్తుంది. షుగరు పేషెంటుకు ఇన్సులిన్ సూది నేర్పడమూ ఇంతే. చూడడం వేరు, మా ఎదుట చేయడం వేరు. ఎదురుగా కూర్చొని నేర్చుకోవడంలో ఉన్న గొప్ప లాభం ఇదే, తప్పు అక్కడే కనబడుతుంది.

విడిపోయే తల్లిదండ్రులు నేర్చుకోవలసినవి కూడా ఇలా చేతితో చేసి చూపవలసినవే. "పిల్లాడి ఎదుట వాళ్ల నాన్నను తిట్టకూడదు" అని వీడియో చెబుతుంది, అందరూ అవునంటారు. ఎదురుగా కౌన్సిలర్ కూర్చొని "ఇప్పుడు మీ బాబు వచ్చి, నాన్న మళ్లీ ఫీజు కట్టలేదా అమ్మా అని అడిగాడనుకోండి, ఏమంటారు?" అని అడిగితే నాలుక తడబడుతుంది. "మీ నాన్న ఎప్పుడు కట్టాడు గనక" అని రెండో క్షణంలో వచ్చేస్తుంది. అప్పుడు మళ్లీ చెప్పిస్తారు. "ఆ విషయం నేను, నాన్న మాట్లాడుకుంటాం. నువ్వు చదువుకో నాన్నా." ఈ రెండు వాక్యాలు నాలుగైదు సార్లు నోటితో అనుకోకపోతే అవసరమైనప్పుడు రావు.

పాఠాలలో ఉండేవి పెద్ద రహస్యాలేమీ కావు. పిల్లలతో కబుర్లు మోయించవద్దు, "మీ అమ్మకు చెప్పు", "మీ నాన్ననడుగు" అని. తిరిగి వచ్చిన పిల్లను పోలీసులా ప్రశ్నించవద్దు, "అక్కడ ఎవరెవరున్నారు, ఏం మాట్లాడుకున్నారు" అని. నిద్ర, తిండి, బడి వేళలు రెండు ఇళ్లలోనూ దాదాపు ఒకేలా ఉంచండి. ఇంకొకటి అందరూ మరిచేది. ఏడెనిమిదేళ్ల పిల్లలు చాలామంది తమవల్లే ఇదంతా జరిగిందనుకుంటారు. "నేను అల్లరి చేశాను కాబట్టి నాన్న వెళ్లిపోయాడు" అనుకుంటారు, ఎవరికీ చెప్పరు. ఇది నీ తప్పు కాదు అని స్పష్టమైన మాటలతో, ఒకసారి కాదు పలుసార్లు చెప్పాలి. అమ్మమ్మలూ, తాతయ్యలూ, ఇది మీకు కూడా. మన ఇళ్లలో పిల్లల ఎదుట అల్లుడిని, కోడలిని అనే మాటలు ఎక్కువగా మన నోటినుంచే వస్తాయి. క్లాసు వాళ్లిద్దరికే పెడతారు, వినవలసిన వాళ్లం మనం కూడా.

ఆన్‌లైన్ పాఠం పనికిరాదని మాత్రం నేను చెప్పను. అమెరికాలో అరిజోనా రాష్ట్ర విశ్వవిద్యాలయం వారు విడాకులు పొందిన తల్లులకు వారానికొకసారి గుంపుగా కూర్చోబెట్టి పాఠాలు చెప్పారు. వాళ్ల పిల్లలు అప్పుడు 9 నుంచి 12 ఏళ్ల వాళ్లు. ఆరేళ్ల తర్వాత చూస్తే, పాఠాలు అందిన కుటుంబాల పిల్లలలో మానసిక సమస్యలు తక్కువగా కనిపించాయని 2002లో ప్రచురించారు. తర్వాత అదే పాఠాన్ని పది భాగాలుగా ఆన్‌లైన్‌లోకి మార్చి పరీక్షించారు, దానిలోనూ మేలు కనిపించింది. డెన్మార్క్ వారు తమ ఆన్‌లైన్ పాఠాన్ని 1,800 మందికి పైగా విడాకులు పొందినవారిలో పరీక్షించి, ఏడాది తర్వాత కూడా వాళ్లలో ఆందోళన, దిగులు, ఒత్తిడి తగ్గాయని చూశారు. ఇవి సర్టిఫికెట్ కోసం బటన్లు నొక్కుకుంటూ పోయే పాఠాలు కావు. అరిజోనా వారి పాఠంలో ఇంట్లో చేయవలసిన పని ఇస్తారు, చేశారా లేదా అని మళ్లీ అడుగుతారు. నా ఉద్దేశంలో తేడా అక్కడుంది. ఇంటిపని ఇచ్చి అడిగే ఆన్‌లైన్ పాఠం మంచిది. నాలుగు గంటలు కుర్చీలో కూర్చోబెట్టి ఏకధాటిగా ఉపన్యాసం చెప్పే హాలు క్లాసు అంత మంచిది కాదు, ఎదురుగా మనిషి ఉన్నా సరే.

కొందరికి ఆన్‌లైనే మేలు. భర్త కొట్టే మనిషి అయితే, ఆయనతో ఒకే గదిలో, ఒకే బెంచీమీద కూర్చోమని ఎవరూ చెప్పకూడదు. ఎవరైనా చెబితే మీరు ఒప్పుకోవద్దు, విడిగా పిలవమని అడగండి. అలాంటి ఇంట్లో "ఇద్దరూ కలిసి మాట్లాడుకుని పెంచండి" అనే పాఠం కూడా ప్రమాదమే, ముందు రక్షణ కావాలి. మహిళల హెల్ప్‌లైన్ 181, పిల్లలకైతే 1098. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కుంది, దాని నంబరు 15100. రాత్రి షిఫ్టు చేసేవాళ్లకు, ఒకరు ఇక్కడ, ఒకరు గల్ఫ్‌లోనో డల్లాస్‌లోనో ఉన్నవాళ్లకు కూడా ఆన్‌లైన్ దారి తప్ప వేరే లేదు. ఫోనులో వినేటప్పుడు ఒక్క జాగ్రత్త. పిల్లలు పక్కన ఉండగా స్పీకరు పెట్టి వినవద్దు. వాళ్లు నిద్రపోయారనుకుంటాం, చెవులు నిద్రపోవు.

కోర్టులు కూడా ఈ ప్రశ్న దగ్గరే తర్జనభర్జన పడ్డాయి. భార్యాభర్తల కేసులను వీడియోలో విచారించవచ్చని 2017 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది అక్టోబరులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం, రాజీ ప్రయత్నం జరిగే దశలో అది కుదరదని మార్చింది. ముఖాముఖి కూర్చుంటేనే మనసు కరుగుతుందని వాళ్ల ఆలోచన. 2020లో కోవిడ్ వచ్చాక వీడియో విచారణలు అందరికీ అలవాటయ్యాయి. అదే 2020 జనవరిలో సుప్రీంకోర్టు ఇంకో మంచి మాట కూడా చెప్పింది. బిడ్డకు తల్లిదండ్రులిద్దరి ప్రేమా పొందే హక్కుంది, ఎవరి దగ్గర ఉన్నా రెండోవారితో ఫోనులో, వీడియోకాల్‌లో మాట్లాడే వీలు ఉండాలని. కాబట్టి రోజూ రాత్రి ఏడింటికి నాన్న వీడియోకాల్ అంటే ఫోను ఛార్జింగు పెట్టి ఉంచడం అమ్మ బాధ్యత, ఏడింటికే చేయడం నాన్న బాధ్యత. పిల్ల ఏడున్నర దాకా ఫోను పట్టుకుని కూర్చుంటే ఆ రాత్రి అన్నం తినదు. ఇది నేను వార్డులో మంచాల పక్కన చూస్తున్నదే.

మాకు బాగా తెలిసిన విషయం ఒకటి ఉంది, సాధారణంగా ఏ క్లాసులోనూ దీనికి చోటుండదు. మీ పిల్లలకు దీర్ఘకాలపు జబ్బు ఉంటే ఏం చేయాలి? ఫిట్స్ ఉన్న పిల్లవాడు శని, ఆదివారాలు నాన్న దగ్గర ఉంటాడు. మందు సీసా అమ్మ ఇంట్లో ఉండిపోతుంది. ఫోను చేస్తే గొడవ అవుతుందని ఎవరూ చేయరు. ఫిట్స్ మందు హఠాత్తుగా ఆగితే ఫిట్స్ మళ్లీ రావచ్చు, వచ్చి ఆగకపోతే ప్రాణానికే ముప్పు. ఉబ్బసం ఉన్న పిల్లకు ఇన్‌హేలరు, షుగరు ఉన్న పిల్లకు ఇన్సులిన్ అంతే. షుగరు పిల్లకు నాన్నమ్మ ప్రేమతో పెట్టిన పూతరేకులు కూడా లెక్కలోకి రావాలి, అది నాన్నమ్మకు తెలియాలి. ఇవి నేర్చుకోవడానికి ఇద్దరూ ఒకేరోజు రానవసరం లేదు. అమ్మ సోమవారం రండి, నాన్న గురువారం రండి. ఇద్దరికీ అదే చూపిస్తాం, ఇద్దరిచేతా చేయిస్తాం. ఎవరి దగ్గర తప్పు అని ఇక్కడ ఎవరూ అడగరు.

ఇంటికి వెళ్లగానే ఒక చిన్న నోటుబుక్కు కొనండి, ఖరీదైనది వద్దు. అందులో మందు పేరు, ఎంత, ఏ వేళకు, చివరిసారి ఎప్పుడు ఇచ్చారు, అంతే రాయండి. పిల్లవాడి సంచిలో మందుతోపాటు అది కూడా ప్రయాణం చేయాలి. అందులో డబ్బుల సంగతి, దెప్పిపొడుపులు రాయవద్దు, చదవడం వచ్చిన పిల్లలు చదువుతారు. రెండు ఇళ్లలోనూ వారానికి సరిపడా మందు విడిగా ఉంచుకోండి. ఇన్సులిన్ అయితే రెండు ఇళ్లలో ఫ్రిజ్ ఉందో లేదో మాకు ముందే చెప్పండి, లేకపోతే మట్టికుండలో చల్లగా ఉంచే పద్ధతి చూపిస్తాం. ఆసుపత్రి ఫైలు ఒక్కటే ఉంటుంది కాబట్టి జిరాక్సు తీయించి ఒకటి అమ్మ దగ్గర, ఒకటి నాన్న దగ్గర పెట్టండి. ఫైలు మొదటి పేజీమీద ఇద్దరి ఫోను నంబర్లూ ఉండాలి. అర్ధరాత్రి ఎవరు తీసుకొచ్చినా రెండోవారికి మేమే ఫోను చేస్తాం.