కార్డు ముక్క బాకీ
(పల్లె గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మమ్మల్ని పుస్తకాల గురించి మాట్లాడమన్నారు. మేము ఉత్తరాల గురించి మాట్లాడతాం. రాసేవాడు ఒక చోట, చదివేవాడు ఇంకో చోట. ఇద్దరినీ కలిపేది ఉత్తరమే కదా!

మాకు కొన్నేళ్లపాటు ఒక పెద్దాయన కార్డులు రాసేవారు. ఉండేది రెండొందల మైళ్ల అవతల, ఒక మాదిగపల్లెలో. ఆయన మొహం మేము ఏనాడూ చూడలేదు. చదువు రాదు, చూపూ ఆనదు. మనవరాలు మా రాతలు చదివి వినిపించేది, ఆయన చెబుతుంటే కార్డు రాసేది. మొదటి కార్డులోనే మమ్మల్ని నిలదీశారు. "నాయనా, నీ కథలో పాలేరు ఆసామి ముందు చేతులు కట్టుకొని నిలబడ్డాడని రాశావు. నిలబడ్డాం, నిజమే. నిలబడి లోపల ఏమనుకున్నామో రాయలేదేం?"

ఆ కార్డు చదివి మేము సిగ్గుపడ్డాం. మళ్లీ కథ రాసేటప్పుడల్లా ఆ ముసలాయన ఎదురుగా కూర్చున్నట్టే ఉండేది. స్నేహం అట్లా మొదలయింది.

పాఠకుడు రచయితకు ఉత్తరం రాయడం చిన్న పని కాదు. బాబాసాహెబ్ అంతటివారే ఆ పని చేశారు. 1946లో కాబినెట్ మిషన్ అంటరానివారికి అన్యాయం చేసిందని ఆయన పోరాడుతున్న రోజులవి. అమెరికాలో నల్లజాతి రచయిత, పోరాట యోధుడు డబ్ల్యు.ఇ.బి. డుబాయిస్‌కు ఒక ఉత్తరం రాశారు. డుబాయిస్ 1868లో పుట్టారు. అప్పటికి 78 ఏళ్లు. బాబాసాహెబ్‌కు 55.

ఉత్తరంలో ఏముంది? మీ రాతలన్నీ చదువుతూ వచ్చాను, మీ వాళ్ల బతుకుకూ మా అంటరానివాళ్ల బతుకుకూ చాలా పోలిక ఉంది, మీ సంగతి మేము తెలుసుకోవడం అవసరం అన్నారు. ఆపైన అసలు పని చెప్పారు. నల్లజాతివాళ్లు ఐక్యరాజ్యసమితికి అర్జీ పెట్టుకున్నారని చదివాను, మేమూ పెట్టాలనుకుంటున్నాం, దాని ప్రతులు రెండో మూడో పంపించండి అని అడిగారు.

డుబాయిస్ జూలై 31న జవాబు రాశారు. మీ పేరు నాకు తెలుసు, భారతదేశపు అంటరానివాళ్ల పట్ల నాకు పూర్తి సానుభూతి ఉంది, చేతనైన సాయం చేస్తాను అన్నారు. సముద్రాల అవతలి మనిషి మన వాడల గోడు తన గోడు అనుకున్నాడు. ఆ ఉత్తరాలు ఇప్పటికీ అమెరికాలో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి.

ఇక మా బాకీ చెప్పుకోవాలి. పెద్దాయన చివరి కార్డు ఇట్లా వచ్చింది. "నాయనా, మా వాళ్లకు శ్మశానం జాగా లేదు. చచ్చినా చోటు లేదు. కలెక్టరుకు అర్జీ ఎట్లా పెట్టాలో రాసి పంపు." ఆయన అడిగిందీ బాబాసాహెబ్ అడిగిందే, అర్జీ నకలు! మేమేమో మీటింగులని, ప్రయాణాలని మూడు నెలలు జాగు చేశాం. చివరికి రాసి పంపాం. మనవరాలి దగ్గర్నుంచి కార్డు వచ్చింది. "తాత పోయాడు. వాగు గట్టున పూడ్చాం. వాన వస్తే ఏమవుతుందోనని భయంగా ఉంది. మీ కాగితం చూసి అర్జీ నేనే రాశాను. వాడంతా వేలిముద్రలు వేసింది."

ఆయన బతికుండగా ఆ కాగితం అందలేదు. ఆ తప్పు మాదే. ఏ సాకూ చెప్పం.

అందుకే అడుగుతున్నాం. చదువుకున్న బిడ్డలారా, మీ ఇంట్లో ముసలివాళ్లకు చదివి వినిపించండి. వాళ్లు అనే మాట ఉన్నదున్నట్టు రాసి పంపండి. తిట్టినా సరే రాయండి. రాసేవాళ్లం మేమున్నాం, కార్డయినా ఫోనయినా వెంటనే జవాబు చెప్పాలి. మన వాళ్లు ఉత్తరం రాశారంటే ఊరికే రాయరు. దాని వెనక ఏదో ఒక అర్జీ ఉంటుంది.

జై భీమ్!