భోలు వేషం: లోపలి బిడ్డకు గాలి ఆడాలి



బడి వార్షికోత్సవాల్లో విచిత్ర వేషధారణ పోటీ ఉండనే ఉంటుంది. దేవుళ్లు, దేశనాయకులతో పాటు ఇప్పుడు మస్కట్‌లు, అంటే ఒక సంస్థకో క్రీడోత్సవానికో గుర్తుగా నిలిచే బొమ్మలు, కూడా వేదిక ఎక్కుతున్నాయి. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల అప్పు మనలో చాలామందికి గుర్తే. ఈరోజు మరో ఏనుగును, మన రైల్వేల భోలును తయారుచేద్దాం. మనదేశంలో ప్రయాణికుల రైలు 150వ ఏట అడుగుపెట్టిన సందర్భంగా 2002 ఏప్రిల్ 16న బెంగళూరులో ఈ బొమ్మను ఆవిష్కరించారు. చేతిలో ఆకుపచ్చ లాంతరు పట్టుకున్న గార్డు ఏనుగు ఇది. గార్డును 2022 నుంచి ట్రైన్ మేనేజర్ అంటున్నారు, కానీ పిల్లల ఆటల్లో ఆయన ఇంకా గార్డే.

వేషం ఎంత అందంగా ఉన్నా లోపల ఉండేది ఆరేళ్ల బిడ్డ. మన ఒంటిని చల్లబరిచేది చెమట కాదు, చెమట ఆవిరి కావడం. ఒక గ్రాము చెమట ఆవిరైతే దాదాపు 580 కేలరీల వేడిని ఒంటినుంచి తీసుకుపోతుంది. రెక్సిను, స్పాంజితో ఒళ్లంతా మూసేస్తే లోపలి గాలి తేమతో నిండిపోతుంది. చెమట కారుతూనే ఉంటుంది, ఆవిరి మాత్రం కాదు. ఏనుగుకైతే రక్తనాళాలు నిండిన పెద్ద చెవులున్నాయి, వాటిని విసురుకుని వేడి పోగొట్టుకుంటుంది. మనం కుట్టే అట్ట చెవులకు ఆ శక్తి లేదు కదా! అందుకే ఒంటికి వదులైన నూలు బట్ట చాలు. పొట్ట కోసం దిండు కట్టకండి. చొక్కా లోపల ముందువైపు మాత్రం పలుచని వెదురు చట్రం పెడితే పొట్టకూ ఒంటికీ మధ్య గాలి ఆడుతుంది.

తల దగ్గరే అసలు పని. ముఖమంతా కప్పే తల వద్దని నా గట్టి అభిప్రాయం. కన్నాల్లోంచి చూసే పిల్లవాడికి పక్కలు కనబడవు, వేదిక అంచు అసలే కనబడదు. పాత క్రికెట్ టోపీని ఆధారంగా తీసుకుని, ఏనుగు నుదురు దాని మీద కూర్చునేలా చేయండి. బిడ్డ ముఖం కింద బయటే ఉంటుంది. బూర ఊది, దాని పైసగం మీద వార్తాపత్రిక పేలికలు మైదా జిగురుతో అంటించండి. మూడు పొరలు చాలు. ఒక పొర పూర్తిగా ఆరాకే రెండోది, లేకపోతే బూజు పడుతుంది. పురుగు పట్టకుండా జిగురులో మైలతుత్తం కలిపే అలవాటు కొందరికి ఉంది. అది విషం, పిల్లల వస్తువులో వద్దు.

తొండం బరువైతే మెడ ముందుకు వాలుతుంది. ఇది తులాదండం సూత్రమే: 20 సెంటీమీటర్ల దూరంలో వేలాడే 100 గ్రాములు, 10 సెంటీమీటర్ల దూరంలోని 200 గ్రాములతో సమానం. పాత మేజోడులో కాస్త దూది కూరి, ముక్కుకూ నోటికీ అడ్డం రాకుండా పక్కకు వంచి కుట్టండి. గడ్డం కింద తాడు ముడి వేయకండి. లాగితే ఊడిపోయే వెల్క్రో పట్టీ పెట్టండి.

లాంతరులో దీపం వెలిగించడం ఏమాత్రం పనికిరాదు. కాగితం, దూది, బట్ట అన్నీ నిప్పుకు సిద్ధంగా ఉన్నవే. చిన్న టార్చికి ఆకుపచ్చ గాజుకాగితం చుట్టండి. అయితే బిళ్ల బ్యాటరీల లైటు మాత్రం కొనకండి. పిల్లలు దాన్ని మింగితే, గొంతులో ఇరుక్కున్న బ్యాటరీ రెండు గంటల్లోపే అన్నవాహికను కాల్చేయగలదు. పెన్సిలు సెల్సుతో పనిచేసి, మూతకు మర ఉన్న టార్చి మంచిది.

పోటీకి రెండు రోజుల ముందు ఇంట్లో వేషం వేసి పది నిమిషాలు నడిపించండి, మెట్లు ఎక్కించి దించండి. ముఖం కందినా, తలనొప్పి అన్నా, వాంతి వచ్చేలా ఉందన్నా వెంటనే విప్పి నీళ్లు తాగించండి. ఆ రోజున పేరు పిలిచేదాకా తల మీరే చేత్తో పట్టుకోండి. “ఉక్కగా ఉంటే వేదిక మీదైనా సరే తీసెయ్యి నాన్నా, ఎవరూ ఏమీ అనరు” అని బిడ్డకు ముందే చెప్పి ఉంచండి.